కారు తిరిగింది... బండి పడింది... బాధ్యత ఎవరిది?

*మలుపు తిరిగే కారుకు, ఎదురొచ్చే మోటార్‌సైకిల్‌కు మధ్య ప్రమాదం రెండు సెకన్లలో ముగిసిపోతుంది. దాని లెక్క తేలడానికి ఏళ్లు పడుతుంది. చాలా ఇళ్లలో ఆ లెక్క తేలకుండానే, పోలీస్‌స్టేషన్ అరుగు మీద ఇరవై వేలకు చెల్లిపోతుంది.*

కార్తీక సోమవారం. సాయంత్రం ఆరు దాటింది. సామర్లకోట రోడ్ల మీద ఇసుక వేస్తే రాలనంత రద్దీ. ఆటోలు, ధాన్యం లారీలు, కాకినాడ బస్సులు, పంచారామాల యాత్రకని తెల్లవారుజామునే బయల్దేరి ఇక్కడికి చేరేసరికి అలసిపోయిన కార్లు. పని దిగి ఇంటికెళ్తున్న తాపీమేస్త్రి ఒకతను బండి మీద వస్తున్నాడు. హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్, పెట్రోలు ట్యాంకు మీద పనిముట్ల సంచి. ఎదురుగా వేరే జిల్లా కారు. భీమేశ్వరస్వామి గుడికి దారి వెతుక్కుంటోంది.

"అదిగో బోర్డు... ఇటే, ఇటే!" అంది వెనక సీట్లో పెద్దావిడ.

డ్రైవర్ స్టీరింగ్ కుడికి తిప్పాడు. ఇండికేటర్, చక్రం ఒకేసారి కదిలాయి. మేస్త్రి బ్రేకు తొక్కాడు. ముందు చక్రం కారు ఎడమ తలుపుకు తగిలింది. మనిషి బానెట్ మీద నుంచి జారి రోడ్డు మీద పడ్డాడు. మోకాలి కింద కుడికాలు వంగకూడని వైపుకు వంగి ఉంది. చుట్టూ జనం మూగారు. ఎవరో 108కి ఫోన్ చేశారు. ఎవరో కారు తాళాలు లాక్కున్నారు. ఇంకెవరో వీడియో తీశారు.

రాత్రి తొమ్మిదికి స్టేషన్ దగ్గర రెండో అంకం మొదలవుతుంది. "చూడండి బాబూ, దైవదర్శనానికి వచ్చినవాళ్లం. కావాలని గుద్దుతామా? ఆసుపత్రి ఖర్చు మాదే, పైన ఇరవై వేలిస్తాం" అంటాడు కారు ఆసామి. మేస్త్రి బావమరిదికి ఏం చెప్పాలో పాలుపోదు. వార్డులో పెద్దమనిషి కల్పించుకుంటాడు. "ఎందుకండీ కేసులూ కోర్టులూ... ఏళ్లు తిరగాలి. చేతికొచ్చింది పుచ్చుకోండి." కాగితం రాస్తారు. 'ఇరువర్గాలకూ ఎలాంటి అభ్యంతరం లేదు' అని సంతకాలు పడతాయి.

ఈ దృశ్యంలో మనుషులకు పేర్లు పెట్టలేదు. ఇది ఏ ఒక్కరి కథా కాదు. సామర్లకోట కాకపోతే పిఠాపురం, జగ్గంపేట, రావులపాలెం అనుకోండి. మార్చాల్సింది గుడి పేరొక్కటే.

రెండు సెకన్ల లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. ఎదుటి కారు తిరుగుతోందని కన్ను చూసి, మెదడు నమ్మి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒకటి, ఒకటిన్నర సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే ఇరవై పాతిక మీటర్లు పోయాయన్నమాట. కారు ఆ అడ్డదారి దాటడానికి మూడు నాలుగు సెకన్లు కావాలి. ఆ కాస్త వ్యవధిలో తప్పించుకోవడానికి బండి నడిపేవాడికి ఉన్న అవకాశం చాలా తక్కువ.

మరి కారులో ఉన్నవాడికి బండి కనబడదా? కనబడుతుంది, కానీ లెక్కలోకి రాదు. లారీ వస్తుంటే ఎవరైనా ఆగుతారు. మోటార్‌సైకిల్ సన్నగా ఉంటుంది కాబట్టి ఇంకా దూరంలో ఉందనిపిస్తుంది, నెమ్మదిగా వస్తున్నట్టు తోస్తుంది. ముందు అద్దం పక్కనుండే స్తంభం వెనక మనిషితో సహా బండి మొత్తం దాగిపోవచ్చు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల తొమ్మిది వందల మోటార్‌సైకిల్ ప్రమాదాలను పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. మరో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండొంతులు, ఆ రెండో వాహనం బండికి దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయని తేల్చింది. ఎదురుగా వస్తూ హఠాత్తుగా పక్కకు తిరిగిన కారు అందులో ప్రధాన ముద్దాయి. అక్కడ కుడివైపు ప్రయాణం కాబట్టి ఎడమ మలుపు ప్రమాదం, మనకు కుడి మలుపు. తేడా అంతే.

మన దగ్గర దీనికి తోడయ్యేవి వేరే ఉన్నాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో వేసిన రోడ్డు రాజానగరం నుంచి సామర్లకోట మీదుగా కాకినాడ వైపు వెళ్తుంది. ఊళ్లో అందరికీ అది 'ఏడీబీ రోడ్డే'. రోడ్డు బాగుపడింది, వేగం పెరిగింది. పక్క ఊళ్ల దారులు మాత్రం నేరుగా దాని మీదికే వచ్చి కలుస్తాయి. పొలం నుంచి వచ్చే ట్రాక్టరు, పోర్టుకెళ్లే లారీ, కాలేజీ కుర్రాడి బండి, గుడి కోసం వెతుక్కునే కారు, అన్నిటికీ అదే తారు. రాత్రివేళ ఎదురొచ్చే హెడ్‌లైటు ఒక్కటే అయితే అది బండా, ఒక దీపం పోయిన ఆటోనా అన్నది దగ్గరికొస్తే తప్ప తెలియదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో 44 శాతానికి పైగా ద్విచక్రవాహనాల మీద ఉన్నవాళ్లే. మన పత్రికల్లో మృతుల వార్త వస్తుంది. కాలు విరిగి ఏడాది మంచంలో ఉన్నవాడి వార్త జిల్లా పేజీలో రెండు వాక్యాలతో సరి. ఈ కథనం ఆ రెండో మనిషి గురించి.

తప్పు ఎవరిదంటే...

మలుపు తిరిగేవాడిదే మొదటి బాధ్యత. ఇది జాలితో చెప్పే మాట కాదు, మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్న మాట. కుడికి తిరగాలంటే ముందుగానే వేగం తగ్గించి, సంకేతం ఇచ్చి, రోడ్డు నడిమి గీతకు దగ్గరగా జరిగి, ఎదుటివాళ్లకు ఇబ్బంది లేదని చూసుకున్నాకే తిరగాలి. "ఇండికేటర్ వేశాను కదండీ" అన్నది స్టేషన్లో ఎక్కువగా వినిపించే సమాధానం. ఇండికేటర్ 'తిరగాలనుకుంటున్నాను' అని చెప్పడానికే. దారి నాదైపోయిందని చెప్పడానికి కాదు.

అయితే అన్ని మలుపు ప్రమాదాలూ ఒకటి కావు. ఎదురుగా వస్తున్న బండికి అడ్డంగా కారు తిరిగితే తూకం దాదాపుగా కారువైపే దిగుతుంది. పక్క వీధిలోంచి ఆగకుండా మెయిన్ రోడ్డెక్కినా అంతే. చిక్కంతా మూడో రకంతో. ముందు వెళ్తున్న కారు ఎడమ అంచు నుంచి ఒక్కసారిగా కుడికి, లేదా యూ టర్న్‌కు తిరుగుతుంది. అదే క్షణంలో వెనక బండి కుడివైపు నుంచి దాటబోతుంది. కారు అద్దంలో చూసుకోకపోవడం తప్పు. కూడలి దగ్గర ఓవర్‌టేక్ చేయబోవడమూ తప్పే. ముందు వాహనం కుడికి సంకేతం ఇస్తే ఎడమ నుంచి దాటాలని నిబంధన. ఇలాంటి కేసుల్లో మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్ తప్పును పంచుతుంది. 70–30 అనో, 80–20 అనో. ఎవరి వంతు ఎంతైతే, పరిహారంలో అంత కోత.

ఆ పంపకం ఎలా ఉంటుందో చూపే తాజా తీర్పు ఒకటుంది. కోయంబత్తూరులో 2017 జనవరిలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి బండి మీద వెళ్తుండగా ముందున్న కారు హైవే మీద హఠాత్తుగా ఆగింది. బండి కారుకు తగిలి అతను పడిపోయాడు. వెనక వస్తున్న బస్సు అతని ఎడమకాలి మీద నుంచి వెళ్లింది. కాలు తీసేయాల్సి వచ్చింది. గర్భవతి అయిన భార్యకు వాంతి వచ్చినట్టుంటే ఆపానన్నాడు కారు నడిపినతను. మనలో ఎవరం ఉన్నా ఆపేవాళ్లమే కదా అనిపిస్తుంది. 2025 జులైలో సుప్రీంకోర్టు మాత్రం వెనకవాళ్లకు ఏ హెచ్చరికా లేకుండా హైవే మధ్యలో ఆపడాన్ని ఒప్పుకోలేదు. కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం బాధ్యత వేసింది. ముందున్న వాహనానికి తగినంత దూరం పాటించలేదు, చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు అంటూ కుర్రాడి మీద 20 శాతం పెట్టింది. మొత్తం 1.14 కోట్ల రూపాయలుగా తేల్చి, ఆ అయిదో వంతు తీసేసి 91 లక్షలకు పైగా చెల్లించమంది.

లైసెన్సు లేదు సరే... ప్రమాదం దానివల్లేనా?

రాజీ బేరంలో కారువైపు వాళ్లు తీసే మొదటి అస్త్రం ఇదే. "మీవాడికి లైసెన్సుందా? హెల్మెట్టుందా? ముగ్గురెక్కారు కదా? కేసైతే మీకే దెబ్బ." ఈ మాటతో సగం ఇళ్లు చల్లబడిపోతాయి. అది బెదిరింపే తప్ప చట్టం కాదు.

ఒకే బండి మీద ముగ్గురు వెళ్తుండగా కారు గుద్దిన కేసులో, వెనక కూర్చున్న యువకుడు చనిపోయాడు. ముగ్గురెక్కారన్న కారణంతో హైకోర్టు పరిహారంలో 10 శాతం కోసింది. మహమ్మద్ సిద్ధిఖీ కేసుగా పేరుపడిన ఆ తీర్పును 2020 జనవరిలో సుప్రీంకోర్టు సవరించింది. ముగ్గురెక్కడం నిబంధన ఉల్లంఘనే, జరిమానా వేయండి. కానీ ప్రమాదానికి గానీ గాయం తీవ్రతకు గానీ అది కారణమని రుజువు కానిదే పరిహారం కోయడానికి వీల్లేదంది. లైసెన్సు గురించి 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో ఇలాంటి మాటే చెప్పింది. లైసెన్సు లేకపోవడం నేరం కావచ్చు, అదొక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. నడిపిన తీరులో కూడా తప్పుంటే మాత్రం కోయంబత్తూరు కుర్రాడికి తగ్గినట్టే తగ్గుతుంది.

హెల్మెట్ విషయంలో హైకోర్టులన్నీ ఒక్క మాట మీద లేవు. తలకు దెబ్బ తగిలిన కేసులో ఎదుటి లాయరు దాన్ని పట్టుకుంటాడు. కాలు విరిగిన కేసులో దానికి అర్థం లేదు. అలాగని హెల్మెట్ తేలిక విషయమని కాదు. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మందని కేంద్రం లెక్క.

---
బాక్స్: గుర్తుంచుకోవాల్సిన గడువులు

● ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు తొలి నివేదికను ట్రైబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. 90 రోజుల్లో సమగ్ర నివేదిక ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధనలు అమల్లో ఉన్నాయి.

● పరిహారం పిటిషన్ ఆరు నెలల్లోపు వేయాలని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. ఇదీ 2022 ఏప్రిల్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. దీనిపై సవాళ్లు సుప్రీంకోర్టులో విచారణలో ఉండగా, గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. తుది తీర్పు ఎలా ఉంటుందోనన్న బెంగ లేకుండా ఆరు నెలల్లోపే వేయడం మేలు.

● గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షల రూపాయలు.

● ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది.
---

ఇరవై వేలా? పన్నెండు లక్షలా?

మళ్లీ మేస్త్రి దగ్గరికి వద్దాం. వయసు 28 అనుకోండి. నెలకు 15 వేలు సంపాదిస్తున్నాడని కోర్టు నమ్మిందనుకోండి. సొంతంగా పనిచేసుకునే, నలభై నిండని మనిషికి ముందుముందు ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలపాలి. ఇది 2017లో ప్రణయ్ సేథీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం పెట్టిన లెక్క. అప్పుడు నెలకు 21 వేలు, ఏడాదికి 2,52,000. ఇరవై ఆరు నుంచి ముప్పై ఏళ్ల మధ్యవాళ్లకు దాన్ని 17తో గుణించాలి. ఇది 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టిక. వచ్చింది 42,84,000. కాలు సరిగా వంగక, గోడ కట్టే పరంజా ఎక్కలేక, అతని సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని తేలితే 12,85,200 రూపాయలు. ఒకవేళ తప్పులో అతనికి 20 శాతం వంతు వేసినా 10 లక్షల 28 వేలు మిగులుతుంది. దీని మీద ఆసుపత్రి బిల్లులు, మంచంలో ఉన్న నెలల కూలి, నొప్పికి, పక్కనుండి చూసుకున్న మనిషికి, ముందుముందు తీయాల్సిన రాడ్డు ఆపరేషన్‌కు విడివిడిగా ఉంటాయి. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా ఇవ్వొచ్చు.

స్టేషన్ దగ్గర చేతిలో పెట్టింది ఇరవై వేలు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ ఇరవై వేలు కారు ఆసామి తన జేబులోంచి ఇచ్చాడు. పన్నెండు లక్షలైతే ఇచ్చేది బీమా కంపెనీ. థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కడమే నేరం. ఏటా కట్టే ఆ ప్రీమియం ఇలాంటి రోజు కోసమే. మనుషులకు తగిలే గాయానికి, ప్రాణనష్టానికి కంపెనీ బాధ్యతకు ఇంత అని పైపరిమితి లేదు. కేసంటే కారు నెలల తరబడి స్టేషన్లో ఉండిపోతుందని, జైలని, లైసెన్సు పోతుందని భయపడి, తన తరఫున కట్టాల్సిన కంపెనీని పక్కనపెట్టి తానే బేరానికి దిగుతాడు. ఈ భయం వల్ల ఎక్కువ లాభపడేది బీమా కంపెనీయే. మన గోదావరి జిల్లాల్లో 'పెద్దల్లో పెట్టి' తేల్చుకునే అలవాటుకు చాలా మంచి పేరుంది. గట్టు తగాదాకు, ఇంటి గొడవకు అది పనికొస్తుందేమో. విరిగిన ఎముక అతుకుతుందో లేదో కూడా తెలియని రాత్రి దాని ఖరీదు కట్టడం మాత్రం ఘోరం.

కారు నడిపినవాడికి లైసెన్సు లేకపోతే? బాధితుడికి ముందు బీమా కంపెనీ కట్టి, తర్వాత కారు యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతున్నాయి. అసలు బీమాయే లేకపోతే యజమాని ఆస్తి మీద పడుతుంది. బంధువుకో, తెలిసిన కుర్రాడికో కారు ఇచ్చేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

డాక్టరు చెప్పే శాతం, కోర్టు చూసే శాతం

గాయపడినవాళ్ల కేసుల్లో అసలు పోరాటం ఇక్కడే. ఆసుపత్రి ధ్రువపత్రంలో '40 శాతం వైకల్యం' అని ఉంటుంది. అది అవయవానికి సంబంధించిన లెక్క. కోర్టుకు కావాల్సింది బతుకుతెరువు లెక్క. 2010 అక్టోబర్‌లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేటగా విడమర్చింది. ఎడమచెయ్యి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. అదే చెయ్యి పోయినవాడు ప్రభుత్వ గుమస్తా అయితే ఉద్యోగం ఉంటుంది, జీతం ఉంటుంది. ఒకే గాయం, రెండు వేర్వేరు నష్టాలు.

ఆ సూత్రం ఎంత తేడా తెస్తుందో 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసు చూపింది. టైపు చేసి బతికే ఇరవై ఏళ్ల యువకుడు కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. హైకోర్టు అతని సంపాదన నష్టం 45 శాతమంది. టైపు చేసేవాడికి చెయ్యే కదా బతుకు అంటూ సుప్రీంకోర్టు దాన్ని 65 శాతానికి పెంచింది. భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని గాయపడినవాడికి కూడా లెక్కకట్టాలంది.

కాబట్టి 'కూలీ' అని పిటిషన్‌లో ఒక్క మాట రాసి ఊరుకోకూడదు. ఏం పని? పరంజా ఎక్కేదా, మిల్లులో బస్తా మోసేదా, కూర్చుని కుట్టేదా? నెల జీతం చీటీ లేనివాళ్లే మన దగ్గర ఎక్కువ. అలాంటప్పుడు పనిచ్చిన మేస్త్రీ సాక్ష్యం, ఫోన్‌లో పడ్డ కూలి డబ్బుల వివరం, సొసైటీ పాసుపుస్తకం, ఏదైనా పనికొస్తుంది. ఏదీ లేకపోతే కోర్టు తానే ఒక అంచనా ఆదాయం వేస్తుంది. అది సాధారణంగా అసలు కూలి కంటే తక్కువే.

డాక్టరును కోర్టుకు రప్పించడం మరో ప్రయాస. కాలికి రాడ్డు వేసినాయన కేసు విచారణకు వచ్చేసరికి బదిలీ అయి ఉంటాడు. ఒకరోజు ఓపీ మానుకుని సాక్ష్యానికి రావడం ఆయనకూ కష్టమే. ఈ సంగతి సుప్రీంకోర్టుకూ తెలుసు. అవసరమైతే కమిషనర్‌ను పంపి ఆసుపత్రి దగ్గరే సాక్ష్యం తీసుకోవచ్చని రాజ్ కుమార్ తీర్పులోనే సూచించింది.

ఇంట్లో ఉన్న ఆడమనిషికి ఆదాయమా?

బండి వెనక సీట్లో ఎక్కువగా కూర్చునేది ఆడవాళ్లు. వాళ్లకు దెబ్బ తగిలితే "ఆవిడ ఇంట్లోనే కదండీ ఉండేది" అంటూ బేరం ఇంకా కిందికి దిగుతుంది.

2014 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక కూడలి. పొద్దున్నే మోటార్‌సైకిల్ మీద వెళ్తున్న దంపతులను కారు ఢీకొట్టింది. ఇద్దరూ చనిపోయారు. ఇద్దరు పసి ఆడపిల్లలు మిగిలారు. ట్రైబ్యునల్ రెండు మరణాలకూ కలిపి 40.71 లక్షలిచ్చింది. హైకోర్టు దాన్ని 22 లక్షలకు దించింది. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు 33.20 లక్షలకు పెంచింది. కీర్తి కేసుగా పేరుపడిన ఈ తీర్పులో అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్వీ రమణ విడిగా రాసిన అభిప్రాయం ఉంది. గృహిణి చేసే చాకిరీకి విలువ కట్టడం దయ కాదు, ఆమె శ్రమకు గుర్తింపు అన్నది దాని సారం. ఆ ధర్మాసనంలోని మరో న్యాయమూర్తి ఎస్.అబ్దుల్ నజీర్ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరయ్యారు. మూడో న్యాయమూర్తి సూర్యకాంత్ భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

---
బాక్స్: ఎక్కడ వేయాలి? ఎవరు చూస్తారు?

● 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పిటిషన్. వినేది మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్. కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి చోట్ల జిల్లా జడ్జీలే ఆ బాధ్యత చూస్తారు.

● ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధితుడు ఉండే ఊరు, పనిచేసే ఊరు, ఎదుటి పక్షం ఉండే ఊరు, ఏదైనా సరే. హైదరాబాద్‌లో గుద్దుకున్నా సామర్లకోట వాసి కాకినాడలో వేసుకోవచ్చు.

● తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఉంది. కానీ అది పుచ్చుకుంటే పెద్ద పరిహారం కోసం వేసిన పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. తొందరపడి సంతకం చేయొద్దు.

● మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయరును పొందవచ్చు.
---

మొదటి పది రోజులు

కోర్టులో ఏళ్లు గడుస్తాయన్నది నిజం. కానీ కేసు బలమంతా మొదటి పది రోజుల్లోనే తేలిపోతుంది. ఆసుపత్రి రిజిస్టరులో 'బండి మీద నుంచి జారిపడ్డాడు' అని రాయించారంటే, తర్వాత కారు గుద్దిందని ఎంత మొత్తుకున్నా బీమా లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకుని కూర్చుంటాడు. పోలీసు తలనొప్పి ఎందుకని తెచ్చినవాళ్లు అలా చెప్పేస్తుంటారు. చెప్పకూడదు. సాయం చేసి ఆసుపత్రికి తెచ్చినవాళ్లను ఇష్టం లేకుండా సాక్ష్యానికి లాగకూడదని 2019 సవరణ రక్షణ కల్పించింది.

వాహనాలను పక్కకు జరపకముందే ఫోటోలు తీయాలి. కారుకు దెబ్బ ఎక్కడ తగిలిందన్నది వందమంది సాక్షుల పెట్టు. ఎడమ తలుపు సొట్టపడితే కారు అడ్డం తిరిగిందని అదే చెబుతుంది. ముందు బంపరు పగిలితే కథ వేరు. గాజు ముక్కలు, టైరు గుర్తులు, ఎదురు షాపు సీసీ కెమెరా, వీటి మీద కన్నేయాలి. కెమెరా రికార్డు చాలా షాపుల్లో కొద్దిరోజులకే చెరిగిపోతుంది. వెళ్లి అడిగి తీసుకోవాలి. పంచనామాలో ఏం రాశారో చదివించుకోవాలి. వాహనాలు ఉన్న చోటును బట్టి మాత్రమే తప్పు పంచెయ్యకూడదని 2013లో జిజు కురువిలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, పోలీసులు తప్పుగా గీసిన ప్రమాదస్థలం పటాన్ని సరిదిద్దుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్లే ఓపిక ఎందరికుంటుంది?

ఎఫ్ఐఆర్ కాపీ, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) నివేదిక, వూండ్ సర్టిఫికెట్, ఎక్స్‌రేలు, చివరికి మందులషాపు చీటీలు కూడా ఒకే సంచిలో దాచాలి. క్రిమినల్ కేసులో కారు డ్రైవరు బయటపడినా పరిహారం కేసు పోయినట్టు కాదు. అక్కడ అనుమానానికి తావులేని రుజువు కావాలి. ఇక్కడ ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తే చాలు.

ఆసుపత్రి వరండాలోనే ఎదురయ్యే మరో మనిషి గురించి చెప్పకపోతే ఇది సగం కథే. "మొత్తం నేను చూసుకుంటానండీ, ఖర్చంతా నాది, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి" అంటాడు. తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటాడు. పరిహారంలో వాటా మాట్లాడుకుని కేసు నడపడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయర్లకు నిషిద్ధం. ఎవరూ పాటించని నియమమని లాయర్లే నవ్వేస్తారు, అది వేరే సంగతి. ఉత్తరప్రదేశ్‌లో దొంగ ప్రమాద క్లెయింల మీద ప్రత్యేక దర్యాప్తు బృందమే వేయాల్సి వచ్చింది. ఆ దొంగ కేసుల పాపం నిజమైన బాధితుడికి చుట్టుకుంటుంది. బీమా కంపెనీ ప్రతి క్లెయింనూ అనుమానంగా చూడటం మొదలుపెడుతుంది. పరిహారం సొమ్మును నేరుగా బాధితుడి బ్యాంకు ఖాతాలోనే వేయించవచ్చని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యవర్తి చేతుల్లో కరిగిపోకుండా ఉండాలంటే పాసుపుస్తకం వివరాలు మొదటే కోర్టుకు ఇవ్వడం మంచిది.

తప్పు పూర్తిగా బండివాడిదే అయితే?

ఇదీ తెలుసుకోవాలి. సొంత తప్పుతో పడ్డ మనిషికి తన బండి థర్డ్ పార్టీ బీమా పైసా ఇవ్వదు. అది ఎదుటివాళ్ల కోసం. యజమానే నడుపుతూ చనిపోయినా, శాశ్వత అంగవైకల్యం కలిగినా వర్తించేది 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. దానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. కొత్త బండి కొన్నప్పుడు షోరూంలో కట్టిన ఆ కవర్‌ను తర్వాతి ఏడాది రెన్యువల్‌లో నాలుగు వందలు మిగులుతాయని తీయించేసేవాళ్లు కోకొల్లలు. స్నేహితుడి బండి అడిగి తీసుకెళ్లి తన తప్పుతో పడ్డవాడి పరిస్థితి ఇంకా దయనీయం. చట్టం దృష్టిలో అతను యజమాని స్థానంలో నిలబడ్డట్టే కాబట్టి, ఆ బండి బీమా మీద మూడో మనిషిలా క్లెయిం చేయలేడు.

రాజీ పడటమే తప్పని ఈ కథనం చెప్పడం లేదు. రాజీ పడాలనుకుంటే జాతీయ లోక్ అదాలత్ ఉంది. అక్కడ బీమా కంపెనీ అధికారి, ఇద్దరు లాయర్లు, జడ్జి ఎదురుగా కూర్చుంటారు. చికిత్స అయిపోయి ఉంటుంది, వైకల్యం ఎంతో తేలి ఉంటుంది, రాసుకున్న అంకె కోర్టు అవార్డుతో సమానంగా చెల్లుతుంది. దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి తిప్పడమూ ఉండదు. బాధితుడి బంధువులకు, కారు ఆసాములకు, మధ్యలో మాట్లాడే పెద్దమనుషులకు ఒక్కటే మనవి: గాయపడిన మనిషి ఆపరేషన్ థియేటర్లో ఉన్న రాత్రి ఎవరి చేతా ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి. ఎఫ్ఐఆర్ కట్టించండి. కారు బీమా పాలసీ నంబరు రాసి తీసుకోండి.